కూర్చోమని చెప్పేవాళ్ళు లేని ఆరాధన

2023 జూలై, ఆస్ట్రేలియాలోని టూవూంబా. క్వీన్స్‌లాండ్ అంటే ఎండా బీచీ అనుకుని పల్చటి జాకెట్‌తో దిగిన నాకు, కొండ మీది ఆ ఊరి చలికాలం మొదటి పూటే బుద్ధి చెప్పింది. నేనుండేది మెల్‌బోర్న్‌లో, క్రాన్‌బర్న్ వైపు. లైవ్ సౌండ్ నా వృత్తి. పెళ్ళిళ్ళకీ, సభలకీ, గణేశ్ ఉత్సవాలకీ, చర్చిలకీ స్పీకర్లు మోసుకెళ్ళి, జనం వెనకాల డెస్క్ దగ్గర నిలబడి, ఎవరి గొంతు ఎంత వినపడాలో చూసుకోవడం నా పని. బాగుంటే పాడినవాళ్ళని మెచ్చుకుంటారు, బాగాలేకపోతే వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉంది కానీ, మైకు ఏ దేవుడి దగ్గరైనా ఒకేలా కీచుమంటుంది.

ఆ ప్రయాణానికి నన్ను మాట్లాడుకున్నది సుధీరన్న. వారమంతా ఒక ఫైనాన్స్ కంపెనీలో ఐటీ ఉద్యోగం, ఆదివారం మా వైపు తెలుగు క్రైస్తవ సంఘంలో వర్షిప్ లీడర్. అంటే గిటారు పట్టుకుని పాటలు నడిపించేవాడు. ఆయనా, బ్యాండులోని కుర్రాళ్ళూ ఆఫీసులకి సెలవు పెట్టి, క్వీన్స్‌లాండ్‌లోని చిన్న చిన్న జపనీస్ చర్చిల్లో ఆరాధన నడిపించడానికి బయల్దేరారు. దీన్ని షార్ట్ టర్మ్ మిషన్ అంటారు. సెలవు రెండు వారాలే కనుక ఉజ్జీవం, అంటే జనంలో భక్తి మళ్ళీ రగలడం, కూడా ఆ రెండు వారాల్లోనే రావాలి.

టూవూంబా సంఘానికి సొంత భవనం లేదు. ఒక ఆస్ట్రేలియన్ చర్చి తన వెనక హాలును ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళకి ఇచ్చేది. పాస్టర్ కెంజీ గారికి యాభై దాటాయి. మిగతా రోజుల్లో ఒక సూపర్‌మార్కెట్‌లో సుషీ చుట్టేవారు. సభ్యులందరూ పెద్దవాళ్ళే, ఒక భోజనాల బల్ల చుట్టూ సరిపోయేంత మంది. క్రిస్మస్ లోపు కొత్త కుటుంబాలు చేరకపోతే ఆ టైమును పిలాటిస్ వ్యాయామం క్లాసుకి ఇచ్చేస్తామని హాలు వాళ్ళు మర్యాదగా చెప్పారట. ఈ దేశంలో చావుకబురు కూడా "నో వర్రీస్" అనే ముగుస్తుంది.

కెంజీ గారు నెలల తరబడి ఊళ్ళోని జపనీస్ తల్లుల ప్లేగ్రూపుకి వెళ్ళి, వాళ్ళ పిల్లల్ని ఆడించి, ఒక్క ఆదివారం రమ్మని బతిమాలారు. చివరికి మిహో అనే ఆవిడ సరేనంది. ఆవిడ వస్తే మిగతావాళ్ళూ వస్తారు. "ఈ ఆదివారం వాళ్ళకి నచ్చితే మా సంఘం ఉంటుంది. నచ్చకపోతే ఉండదు," అన్నారాయన. వర్షం వచ్చేలా ఉందని చెబుతున్నంత మామూలుగా అన్నారు. నేను కేబుళ్ళు పరుస్తున్నాను. నోటికి వచ్చిన జోకు మింగేశాను.

వాళ్ళ ఆరాధనలో ఒక పద్ధతి ఉంది. పక్కగా ఒక మైకు దగ్గర ఒకరు నిలబడి, పాటకి ముందు "దయచేసి నిలబడండి" అనీ, అయ్యాక "దయచేసి కూర్చోండి" అనీ చెబుతారు. ఆ మాట కోసం పాస్టరు కూడా ఆగుతారు. చెప్పేదాకా ఎవరూ లేవరు, చెప్పేదాకా ఎవరూ కూర్చోరు. టూవూంబాలో ఏళ్ళ తరబడి ఆ పని ఫుమికో గారిది. ఎనభైకి దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి.

సుధీరన్న రన్ షీట్ చూసి మొహం చిట్లించాడు. ఏది తర్వాత ఏదో వరసగా రాసుకునే కాగితం అది.

"రేయ్ చరణ్, పాటపాటకీ ఈ అనౌన్స్‌మెంట్ ఏంట్రా? ట్రైన్‌లో నెక్స్ట్ స్టేషన్ చెప్పినట్టు. ఫ్లో మొత్తం కట్టయిపోద్ది."

"వాళ్ళ పద్ధతంట అన్నా."

"పద్ధతులతో ఆత్మ కదలదురా. ఫ్రీగా వదిలెయ్యాలి."

ఆయన చెడ్డవాడు కాదు. నేరుగా ఫుమికో గారి దగ్గరికెళ్ళి, చేతులు జోడించి ఇంగ్లీషులో చెప్పాడు: "ఆంటీ, ఇన్నేళ్ళు సేవ చేశారు. ఈరోజు మీరు రెస్ట్ తీసుకోండి, అంతా మేం చూసుకుంటాం." ఆవిడ నడుము దాకా వంగి కృతజ్ఞత చెప్పింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు పట్టుకుని వచ్చి నా డెస్క్ పక్క కుర్చీలో కూర్చుంది.

"చూశావా, ఎంత హ్యాపీనో," అన్నాడు సుధీరన్న.

మిహో వచ్చింది, భుజం మీద నిద్రపోతున్న కూతురితో. ఆవిడ వెనకే మరికొందరు తల్లులు, యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు. కెంజీ గారి మొహం చూస్తే నాకే దేవుడున్నాడేమోననిపించింది. ఆ అనుమానం మొదటి పాట దాకా నిలిచింది.

"లెట్ అజ్ స్టాండ్!" అన్నాడు సుధీరన్న. కెంజీ గారు జపనీస్‌లో చెప్పారు. అందరూ లేచారు. మొదటి పాట అయింది, ఆపకుండా రెండోదీ అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతులెత్తలేదు. పెదవులు మాత్రం కదిలాయి. సుధీరన్న కళ్ళు మూసుకుని మూడోది ఎత్తుకున్నాడు. ఆయన సంఘంలో మనసు కదలనివాళ్ళు రెండో పాటకే కుర్చీ వెతుక్కుంటారు. ఇక్కడ ఒక్కరూ కూర్చోవడం లేదు. అంటే అగ్ని రాజుకుంది, ఇప్పుడు ఆపితే పాపం. వాళ్ళేమో అతిథులు పాడుతూంటే, కూర్చోమనకుండా ఎలా కూర్చుంటామని నిలబడ్డారు. వాళ్ళు నిలబడటం ఈయన్ని పాట ఆపనివ్వలేదు, ఈయన పాట వాళ్ళని కూర్చోనివ్వలేదు.

స్టేజి మీద నుంచి మొహాలు కనిపిస్తాయి. డెస్క్ దగ్గర నుంచి కాళ్ళు కనిపిస్తాయి. నాలుగో పాటకి మోకాళ్ళు వణకడం మొదలైంది. ఓనో గారనే పెద్దాయన ముందు కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకున్నారు. మిహో పాపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూనే ఉంది. నా పక్కన ఫుమికో గారు కూడా నిలబడే ఉన్నారు.

"మీరైనా కూర్చోండి ఆంటీ," అన్నాను.

"ఇంకా చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి?"

"నేనే."

"అయితే చెప్పండి. ఇదిగో మైకు."

ఆవిడ మైకు వంక చూసింది, తీసుకోలేదు. "ఈరోజు నాకు విశ్రాంతి. అతిథులు ఇచ్చారు."

నాకు టాక్‌బ్యాక్ ఉంది. డెస్క్ దగ్గర మాట్లాడితే పాడేవాళ్ళ చెవిలో మాత్రమే వినిపించే మైకు అది. "అన్నా, వాళ్ళని కూర్చోమను. పెద్దాయన పడిపోయేట్టున్నాడు," అన్నాను. సుధీరన్న కళ్ళు తెరవకుండానే నవ్వి, తల అడ్డంగా ఊపి, చరణం మళ్ళీ మొదలుపెట్టాడు. డ్రమ్స్ కుర్రాడు ఇంకా గట్టిగా అందుకున్నాడు.

ఓనో గారు పడిపోయారు. చప్పుడు లేకుండా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా పడాలనుకున్నట్టు, మెల్లగా ఒక పక్కకి ఒరిగిపోయారు.

అప్పుడు తెరిచాడు సుధీరన్న కళ్ళు. ఆయన పెరిగిన సంఘంలో ఆరాధన మధ్య మనిషి నేలకూలితే దానికి ఒకటే అర్థం, పరిశుద్ధాత్మ దిగాడని. రెండు చేతులూ పైకెత్తి "హల్లెలూయా!" అని అరిచాడు.

నేను మొత్తం సౌండు కిందికి లాగేశాను. పనిలో ఉన్నన్నాళ్ళూ చేయకూడని పని అది. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. కెంజీ గారు పరుగెత్తుకెళ్ళి పెద్దాయన్ని లేపి, జపనీస్‌లో ఒక చిన్న మాట అన్నారు. అందరూ కూర్చున్నారు. అన్ని కుర్చీలూ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఆ రోజు హాల్లో వినిపించిన ఒకే ఒక్క సమూహ స్పందన అది.

ఓనో గారికి దెబ్బలేమీ తగల్లేదు. కార్యక్రమం పాడుచేసినందుకు మా అందరి దగ్గరికీ వచ్చి క్షమాపణ చెప్పారు. ఆ కొత్త తల్లులు వరసగా వంగి, చాలా బాగుందన్నారు. మిహో అందరికన్నా లోతుగా వంగి, కెంజీ గారితో ఏదో చెప్పి వెళ్ళిపోయింది.

"ఏమందండీ?" అనడిగాను.

"అంత దూరం నుంచి వచ్చి ఎంతో కష్టపడ్డారు, చాలా ధన్యవాదాలు అంది."

"మంచిమాటేగా?"

"మళ్ళీ వస్తానని అనలేదు," అని ఆయన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు.

తిరుగు ప్రయాణంలో సుధీరన్న ఫోనులో తన సంఘం వాళ్ళకి దేవుడు చేసిన కార్యం గురించి సాక్ష్యం చెబుతున్నాడు. "ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదు బ్రదర్!"

"నువ్వు కూర్చోమనలేదు కదన్నా," అన్నాను.

వ్యాన్‌లో అందరూ పగలబడి నవ్వారు. నాకున్న పేరు అలాంటిది. నేను నిజం చెప్పినా జనం నవ్వే ఊరుకుంటారు.

మిహో మళ్ళీ రాలేదు. ఆవిడ రాలేదు కనుక మిగతావాళ్ళూ రాలేదు. క్రిస్మస్‌కి ముందే హాలు పిలాటిస్ వాళ్ళకి వెళ్ళిపోయింది. ఆ సంగతి కెంజీ గారు నాకు రాసిన మెసేజ్‌లోనే తెలిసింది. అందులో మా బృందానికి మరోసారి ధన్యవాదాలు కూడా చెప్పారు.

మరుసటి ఏడాది సుధీరన్న ఫోన్ చేశాడు. "రేయ్, ఈసారి టూవూంబాలో రెండు ఆదివారాలు పెడదాంరా."

"అక్కడ చర్చి లేదన్నా. మూసేశారు."

"అదేంటి? ఆ రోజు అంతమంది నిలబడ్డారు కదరా!"

ఈసారి జోకు లేకుండా అంతా చెప్పాను. సుధీరన్న చిన్న గొంతుతో, "మరి వాళ్ళలో ఒక్కరైనా చెప్పొచ్చు కదరా," అన్నాడు.

"చెప్పేది ఆ ఆంటీయే అన్నా. ఆవిడకి మనం రెస్ట్ ఇచ్చాం."

ఫోను పెట్టేశాడు. నేను కూడా మళ్ళీ చేయలేదు.

ఈ అనుభవం నాకు నేర్పింది ఒక్క ప్రశ్న. ఇప్పుడు సిడ్నీలోని పెండిల్ హిల్‌లో పెళ్ళికైనా, మరెక్కడో భజనకైనా, స్పీకర్లు దించకముందే నిర్వాహకుల్ని అడుగుతాను: "ఇక్కడ జనాన్ని కూర్చోమని ఎవరు చెబుతారు?" చాలామంది నవ్వుతారు. కొందరు ఆలోచించి జవాబిస్తారు. ప్రశ్న మంచిదే. ఒక చర్చి మూతపడ్డాక గానీ నాకు తట్టలేదు.