సుడి చెరపని కుంచె

“ఎడ్లనమ్ముకుని తిన్నావు. ఇప్పుడు వాటి బొమ్మలు కూడా అమ్ముకుని తింటన్నావు. సిగ్గనిపియ్యట్లేదంట్రా నీకు?” అని నాగభూషణరావును నలుగురిలో అడిగింది ఆయన సొంత అక్క హనుమాయమ్మే.

“బొమ్మకు మేత బెట్టక్కర్లా అక్కా,” అన్నాడాయన.

ముప్పాళ్ళలో పాతికేళ్ళు ఒంగోలు గిత్తలను పెంచి బండలాగుడు పోటీలకు తోలిన మనిషి. మోకాళ్ళు అరిగాయి, ఉలవల ధర పెరిగింది. యాభై రెండో ఏట ఆఖరి జతను అమ్మేశాడు. ఆ రోజు ఆయన ఏడ్చాడని రాస్తే మన పత్రికలకు బాగుంటుంది. ఏడవలేదు. నరసరావుపేట వెళ్ళి రంగులు, కాన్వాసు కొన్నాడు. అప్పటిదాకా ఆయన గీసిందంతా కొట్టం గోడల మీద బొగ్గుతోనే. ఇప్పుడు ఖాళీ అయిన ఆ కొట్టంలోనే కూర్చుని వేస్తాడు. ఇల్లు గడిచేది దాంతోనే.

రైతును దేవుణ్ణి చేసే బొమ్మలకు మనకు కొదవలేదు. తలపాగా, నాగలి, వెనక పొడుస్తున్న సూర్యుడు. నాగభూషణరావు బొమ్మల్లో సూర్యుడు ఉండడు. బండ కదలనని మొరాయించినప్పుడు ఎద్దు తొడలో కండ ఎలా ముడిపడుతుందో ఉంటుంది. కాడి రాసుకుని వెంట్రుకలు ఊడిన మెడ ఉంటుంది. సగం బొమ్మలు వెనకనుంచి చూసినవే. తోలేవాడికి కనపడేది అదే మరి.

నిరుడు కొట్టం కప్పు కారి రెండు బొమ్మలు పాడయ్యాయి. రేకులు వేయించాలి. సరిగ్గా అప్పుడే ఎడ్లపాడు ఆసామి గోపీనాథ్ తన గిత్త బొమ్మకు లక్ష రూపాయలు ఒప్పుకున్నాడు. అంత పెద్ద బేరం ఆయనకు అదే మొదటిది.

బొమ్మ పూర్తయ్యాక గోపీనాథ్ వచ్చి మురిసిపోయాడు. అంతలో వీపు మీద ఒకచోట వేలు ఆగింది. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన సుడి. మా వైపు ఎద్దును కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు, తర్వాత సుళ్ళు. ఉండకూడని చోట సుడి ఉంటే ఇంటికి అరిష్టమని సగం ధర కోసేస్తారు.

“ఇది తీసెయ్ బాబాయ్. హాల్లో పెడతన్నా. వచ్చినోళ్ళ కళ్ళన్నీ దాని మీదే ఉంటయ్.”

“నీ ఎద్దుకుందిగా అబ్బాయ్.”

“ఎద్దుకైతే రోజూ దువ్వి కప్పెడతన్నాం.”

“అయితే బొమ్మను గూడా రోజూ దువ్వుకో.”

గోపీనాథ్‌కు నవ్వు రాలేదు. “ఒక్క గీత బాబాయ్. ఏం పోద్ది నీ సొమ్ము?”

“సుడి తీస్తే అది నీ ఎద్దు గాదు. ఎవరి ఎద్దుకో నీ కాడ డబ్బులెట్టా దీసుకోను?”

కళాకారుడి నిజాయితీ అని దీనికి పెద్ద పేరు పెట్టబోవడం లేదు. సుడి దాచి ఎద్దును అంటగట్టేవాళ్ళను పాతికేళ్ళు సంతల్లో నోరారా తిట్టిన మనిషి. అదే పని రంగుతో చేయడం ఆయనకు చేతకాలేదు. చేతకానందుకే ఆయన బొమ్మ ముందు నేను నిలబడిపోతాను.

గోపీనాథ్ విసుక్కుంటూనే బొమ్మను కారెక్కించుకుని పోయాడు. ఈ వానాకాలం కొట్టం మీద టార్పాలినే. అడ్వాన్సు నలభై వేలు ముట్టింది. మిగతా అరవై వేలు ఇంకా రావాలి.