కారు సీట్లో గుమ్మడి గింజలు

ఆ రోజుల్లో మనిషికి భయం పుట్టాలంటే దయ్యమో దొంగో రానక్కర్లేదు, కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసు మనిషి ఒకడు స్కూటరు దిగితే చాలు. నాకైతే అంత కూడా అక్కర్లేదు. కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కన పెడితే వాటి మధ్య తేడా చూసి నిద్ర పట్టేది కాదు. మదనపల్లెలో ఒక వేరుశెనగ మండీలో లెక్కలు రాసేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, పాత బిల్లులు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. అందుకే పుంగనూరులో ఉండే మా అక్క మొగుడు నన్ను పేరుతో పిలవడం మానేసి ‘లెక్కలప్పా’ అనేవాడు. (అందులో మర్యాద ఎంత, ఎగతాళి ఎంత అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు.)

మా బావకు ఒక నల్ల కారు ఉండేది. అప్పటికే ముగ్గురు యజమానులను చూసిన బండి. దాన్ని బాడుగకు తిప్పితేనే మా అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది. ఒకరోజు పెళ్లివాళ్లను కుప్పంలో దించి ఒక్కడే తిరిగొస్తుంటే గొర్రెల మంద అడ్డమొచ్చింది. గొర్రెలను తప్పించబోయి కల్వర్టు గోడను గుద్దాడు. ఆయనకు గీత కూడా పడలేదు గానీ కారు మూతి నలిగిపోయింది. విచిత్రంగా ముందు అద్దం మాత్రం చెక్కు చెదరలేదు. ట్రాక్టరుకు కట్టి ఇంటి ముందుకు లాక్కొచ్చారు. బావ తల్లి, అంటే మా అత్త, బండిని చూసి గుండెలు బాదుకుని, “ఊరి కండ్లన్నీ దీని మీదే ఉండాయి” అంటూ బూడిద గుమ్మడికాయకు గంటు పెట్టి, లోపల కుంకుమ నింపి కొడుకు చేతికిచ్చింది. కారు చుట్టూ తిప్పి నేలకేసి కొట్టాలి. బావ తిప్పనైతే తిప్పాడు. కొట్టేటప్పుడు చెయ్యి జారింది. కల్వర్టు గోడ కనికరించి వదిలేసిన అద్దాన్ని గుమ్మడికాయ వదల్లేదు.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. మదనపల్లె షెడ్డు మేస్త్రీ రిపేరు ఖర్చు అంచనా రాస్తుంటే బావ అద్దాన్ని కూడా అందులో చేర్పించాడు. నేను ఇన్సూరెన్సు కాగితం ముందేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. పాతబడిన సామానుకు వయసును బట్టి కోత కోస్తారని అర్థమైంది. అంతకన్నా ఘోరం ఇంకొకటి అర్థమైంది. పరుగున వెళ్లి బావకు చెప్పాను.

“బావా, రిపేరు ఖర్చు ఈ కాగితంలో రాసుండే బండి ధరను దాటిందంటే రిపేరుకు ఇయ్యరు. టోటల్ లాస్ అని రాసి, ఆ ధర మన చేతిలో పెట్టి, బండి ఎత్తుకపోతారు. పాతబండి ధర ఎంతుంటాదో నీకు తెలవదా?”

“టోటల్ అంటే మొత్తమే కదరా? మొత్తం ఇస్తామంటాంటే యాల ఏడుస్తాండావు?”

“మొత్తం ఇచ్చేది కాదు బావా, మొత్తం పోయేది! అద్దం తీసేస్తే ఆ గీతకు ఈ పక్క ఉంటాము. పెడితే దాటిపోతాము.”

“దెబ్బ ఎంత పెద్దదైతే దుడ్డు అంత పెద్దది. ఇది మండీలో శెనక్కాయల తూకం కాదు, లెక్కలప్పా. బండి చూసేకి కంపెనీ నుంచి వచ్చే ఆయప్ప ముందర నోరు తెరిసినావంటే మీ అక్క మీద ఒట్టు.”

అక్క మీద ఒట్టు! చెబితే అక్కకు ఏమవుతుందో అన్న భయం, చెప్పకపోతే అక్క పొయ్యి ఆరిపోతుందన్న భయం. రెండింటి మధ్య నాకు అన్నం సహించలేదు. (ఒట్టుకు ఇన్సూరెన్సు ఉండదని అప్పటికే తెలుసుకున్నాను.)

ఇన్సూరెన్సు కంపెనీ పంపిన సర్వేయరు రానే వచ్చాడు. కళ్లజోడు, చేతిలో అట్ట, పెదవుల మీద నవ్వన్నది లేదు. మూతి చూశాడు, లైట్లు చూశాడు, వంగి చక్రాలు చూశాడు. ముందు తలుపు తెరిచి టక్కున ఆగిపోయాడు. సీటు మీద ఎర్రటి మరకలు ఎండి అట్టకట్టి ఉన్నాయి.

“ఈ రక్తం ఎవరిది? మనిషికి దెబ్బ తగిలిందని మీరు ఎక్కడా రాయలేదే. పోలీసులకు చెప్పారా?”

బావ నా వైపు తిరిగాడు. నా నోరు ఒట్టుకు కట్టుబడి ఉంది. నా కళ్ల ముందు బావ జైల్లో ఉన్నాడు, ఆయనకు సాక్షిగా వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. ఇంతలో వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతున్న అత్త లేచి వచ్చింది.

“రక్తం యాడిదప్పా? కుంకుమ! మా వాడు గుమ్మడికాయ కొట్టినాడు. నేలకేసి కొట్రా అంటే అద్దానికేసి కొట్టినాడు. ఎద్దులాగ పెరిగినాడు గానీ చేతిలో కుదురు లేదు.”

“అమ్మా, నువ్వు లోపలికి పో!” అన్నాడు బావ.

“యాల పోవల్ల? దిష్టి తీసేది దొంగతనమా?”

సర్వేయరు అద్దం పెంకుల మధ్య నుంచి ఒక గుమ్మడి గింజను వేళ్లతో పైకి తీసి వెలుతురులో చూశాడు. తర్వాత బావను అంతకంటే ఎక్కువ సేపు చూశాడు. క్లెయిమంతా కొట్టేస్తాడనుకున్నాను. ఆయన పెన్ను తీసి అంచనా కాగితంలో ఒకే ఒక్క వరస మీద అడ్డంగా గీత గీశాడు.

“కల్వర్టు పగలగొట్టిన దానికి కంపెనీ ఇస్తుంది. గుమ్మడికాయ పగలగొట్టిన దానికి మీ అమ్మనే అడుక్కో” అన్నాడు. కింద కూడి చూసుకుని, నిదానంగా ఇంకో మాట అన్నాడు. “అద్దం కూడా కలిసి ఉంటే టోటల్ లాస్ రాసి ఉందును. బండి నీ వాకిట్లో మిగిలేది కాదు. ఆమెకు దండం పెట్టుకో.”

స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా బావ నిలబడ్డాడు, తర్వాత కారుకు ఆనుకుని నేల మీదే కూలబడ్డాడు. “మొత్తం పోయేదంట్రా” అన్నాడు నాతో, ఆ సంగతి మొదటిసారి వింటున్నట్టు.

కంపెనీ ఇచ్చింది వయసు కోతలన్నీ పోను మూతి సరిచేయడానికి సరిపోయింది. అద్దానికి మిగల్లేదు. అందుకని షెడ్డు నుంచి బండిని తెచ్చుకునే రోజు ముందు అద్దం లేకుండానే మదనపల్లె నుంచి పుంగనూరుకు బయలుదేరాం. బావ తలకు తువ్వాలు చుట్టుకుని, పళ్ల మధ్య దూరే పురుగులను ఉమ్ముకుంటూ, పెళ్లికొడుకులాగా నడుపుతున్నాడు. పక్కన నేను, ఎదురు లారీ నుంచి రాయి ఎగిరొస్తే ఏం పోతుందో లెక్క కడుతున్నాను. నా కళ్ల నిండా నీళ్లు.

“యాల్రా, ఏడుస్తాండావా?”

“గాలి బావా.”

ఆయన నమ్మాడు. ఇన్నేళ్లకు ఆ సీటులో ముడుచుకుని కూర్చున్న కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా కలుగుతుంది. బండి దక్కిందన్న సంతోషాన్ని సైతం భయంభయంగానే అనుభవించాడు పాపం.