కాక కట్టిన పడక సైకిలు

బేగంపేటలో మా ఆఫీసు మెట్లకు కొత్త రెయిలింగు బిగిస్తున్నారు. మధ్యాహ్నం కిందికి దిగినప్పుడల్లా వెల్డింగు పొగ వాసన, కాలిన ఇనుముతో కాస్త పుల్లగా గొంతులో గీసుకునే ఆ వాసన, నన్ను రెండు నిమిషాలు కదలనివ్వదు. నా తొమ్మిదో ఏట ఒక వానాకాలమంతా మెట్టుగూడలో మా వాకిలి ఇదే వాసన వేసింది. మా కాక సైకిలు కట్టిన వానాకాలం అది.

కాక అంటే నాన్న తమ్ముడు యాదగిరి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకే వాకిలికి రెండు వాటాలు, ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో కాక, చిన్నమ్మ. ఆదివారం తెల్లవారగానే కాప్రా చెరువు దాకా సైకిలు తొక్కుకుంటూ పోవడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. తిరిగొచ్చేటప్పుడు హ్యాండిల్‌కి కాలాన్ని బట్టి మొక్కజొన్న కంకులో, సీతాఫలాలో, తంగేడు పూలో వేలాడుతూ ఉండేవి, వాటి కోసం మేం తొక్కుడుబిళ్ళ మధ్యలో ఆపేసి గేటు దగ్గర కాచుకునేవాళ్ళం.

ఆ ఏడు మొదటి వానలకు ఇంటి రేకులు సరిచేస్తూ జారిపడ్డాడు. నెలన్నర మంచం మీదే. లేచి నడిచాడు గాని, సైకిలెక్కి ముందుకు వంగితే చాలు, నడుం పట్టేసి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. డాక్టరు ఇక సైకిలు మాట మరిచిపొమ్మన్నాడు. కాక ఆదివారాలు పడక కుర్చీలో వాలి, చూరు నుంచి కారే వాన చూస్తూ పెడల్ తొక్కుతున్నట్టు కాళ్ళాడించేవాడు. అలా ఎంతసేపు ఆడించినా ఆయనకు నొప్పి రావడం లేదని చిన్నమ్మే కనిపెట్టింది.

"ఆ కుర్సీకే చక్రాలు పెట్టుకోరాదు" అంది నవ్వుతూ.

కాక నవ్వలేదు. మర్నాడు ఆమె ముగ్గుపిండి డబ్బా అడిగి తీసుకుని, వాన తెరిపిచ్చిన కాసేపట్లో వాకిలి నిండా గీతలు గీశాడు. రెండు పాత సైకిళ్ళు కోసి, ముందు సగంలో చక్రం, గొలుసు, పెడళ్ళు, వెనక సగంలో వాలి కూర్చునే సీటు, ఇంకో చక్రం పెట్టి, రెంటినీ మధ్యలో ఒక లావుపాటి కీలుతో కలిపాడు. తిప్పడానికి హ్యాండిల్ లేదు. కాళ్ళతో ముందు భాగాన్ని ఎటు నెడితే బండి మధ్యలో వంగి అటు తిరగాలి. సీటుకు నవారు అల్లింది చిన్నమ్మ. కాక నడుం వంగదు కాబట్టి బండికి నడుం పెట్టాడని నాన్న అనేవాడు.

మొదటిరోజు ఆ బండి రెండు గజాలు పోయి, చాకు మడిచినట్టు మధ్యలో మడుచుకుని కాకను రోడ్డు మీద పడేసింది. రెండో రోజూ అంతే, వారమంతా అంతే. చివరికి నాన్నకు ఓపిక పోయింది.

"ఇగ చాలు యాదగిరీ. ఇంకోపారి నడుం పోతే నౌకరీ సుత పోతది."

కాక తల ఊపి, బండిని గోడకు ఆనించి గోనెసంచి కప్పాడు. నాలుగు రోజులు దాని వైపు చూడలేదు. అయిదో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి, దాన్ని తెరిచి వదులుతున్నాడు, మళ్ళీ తెరిచి వదులుతున్నాడు. మా గేటు స్తంభం ఎప్పుడో లారీ తగిలి ఒరిగిపోయింది, అందుకని తెరిస్తే గేటు కొస పైకి లేచేది, వదిలితే తన బరువుకు తానే దిగివచ్చి మూసుకునేది. ఏం చూస్తున్నావని అడిగాను.

"ఈ గేటుకు తెలివుంది బిడ్డా. ఎటు పోయినా మళ్లా ఇంటికొస్తది."

ఆ సాయంత్రమే నిటారుగా ఉన్న కీలును కోసేసి, ఏటవాలుగా తిరిగి అతికాడు. ఇప్పుడు బండి వంగితే మనిషితో సహా సీటు కొద్దిగా పైకి లేస్తుంది, ఆ మనిషి బరువే దాన్ని మళ్ళీ తిన్నగా తెస్తుంది. ఏ కాలేజీలోనూ చదవని మా కాక అది ఒరిగిన గేటును చూసి నేర్చుకున్నాడు. అంతకంటే గొప్ప చదువు నేనింతవరకు చూడలేదు.

బతుకమ్మ సెలవుల్లో, ఇల్లంతా నువ్వుల సత్తుపిండి, మలీద ముద్దల నెయ్యి వాసన వేస్తున్న ఒక ఆదివారం, కాక కాప్రా బయలుదేరాడు. వెనక నాన్న సైకిలు, దాని క్యారియర్ మీద నేను. మౌలాలి గుట్ట పక్కన జనం దుకాణాల్లోంచి బయటికొచ్చి చూశారు. వాలు మొదలవగానే కాక రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఆకాశం చూస్తూ, కాళ్ళతోనే మలుపు తిరిగాడు. నాన్న పెడల్ తొక్కడం మరిచిపోయాడు. చెరువు గట్టున దిగాక నొస్తోందా అని అడిగాడు.

"నడుమున్నట్టు యాదికే రాలే అన్నా" అన్నాడు కాక.

ఆ వాకిలి చోట ఇప్పుడు అపార్టుమెంటుంది, మా సందు మొగలో మెట్రో స్తంభం నిలబడింది. ఇల్లు పడగొట్టిననాడు బండి ఏమైందో ఎవరికీ గుర్తులేదు. కాక పోయి నాలుగేళ్ళు. పోయిన నెల చిన్నమ్మను చూడబోయి, కాకంత ధైర్యం నాకెక్కడిదని ఏదో మాటల్లో అన్నాను. చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీ కాకకు భయం లేదనుకున్నరు మీరంత. కీలు మార్చినంక దినాం మీరు లేవకముందే బండి బయటికి తీస్తుండె. ఎక్కేటప్పుడు జెర పట్టుకోవే అంటుండె, పట్టుకుని ఉరుకుతుంటి. ఇడువు అన్నప్పుడు ఇడుస్తుంటి."