మున్నీ వెనకాల పరిగెత్తిన శనివారం

మొన్న సాయంత్రం వానలో మా అపార్టుమెంటు లిఫ్టులోకి పదకొండో అంతస్తు వాళ్ళ కుక్క తడిసి ముద్దై వచ్చి నిలబడింది. పక్కనున్నావిడ చున్నీ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కుక్క యజమాని ‘సారీ, సారీ’ అంటూ గోడకు అతుక్కుపోయాడు. నేను మాత్రం ఎవరూ గమనించకుండా ఆ వాసనను గుండెల నిండా పీల్చుకున్నాను. తడి బొచ్చూ, బురదా, నలిగిన గడ్డీ కలిసిన ఆ వాసన వెంట నా పదో ఏటి వానాకాలం మొత్తం లిఫ్టులోకి వచ్చేసింది.

అప్పుడు మేం లక్ష్మీ నగర్‌లో ఉండేవాళ్ళం. అమ్మది బాపట్ల దగ్గర పల్లె, నర్సు ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చింది. నాన్న గ్రేటర్ నోయిడాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రోజూ తిరగలేక ఆ పక్కనే ఒక ఊళ్ళో గది తీసుకుని ఉండేవాడు. అమ్మకు సెలవు దొరికిన శనివారాల్లో మేమిద్దరం గోంగూర పచ్చడి సీసా, నా మందుల సంచి పట్టుకుని, రెండు బస్సులు మారి ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

మందుల సంచి ఎందుకంటే, నాకు నాలుగో ఏటి నుంచీ ఉబ్బసం. కాస్త గట్టిగా నవ్వినా గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. ఊపిరందని పిల్లల్ని వార్డులో రోజూ చూసే అమ్మకు నా పరుగంటే ప్రాణభయం. స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే, గోడవారన కూర్చుని క్లాసందరి వాటర్ బాటిళ్ళకూ కాపలా కాయడం నా పని.

ఆ ఊళ్ళో వానాకాలం ఎంత బాగుండేదో! తొలి వాన పడి వెలవగానే ఎర్ర పట్టుగుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేలంతా పాకేవి, జొన్నచేలో నెమళ్ళు గొంతులు చించుకుని అరిచేవి, దూరాన మనుబోతులు తలలెత్తి మమ్మల్ని చూసి, మాతో పనేమీ లేదని తేల్చుకుని మళ్ళీ మేతలో పడేవి. నాన్న అద్దెకున్న ఇంటావిడను ఊరంతా తాయీ అనేవారు, అంటే పెద్దమ్మ. మోకాళ్ళ నొప్పులతో మంచం మీదే కూర్చుని ఇల్లంతా నడిపే మనిషి. తీజ్ పండగ రోజుల్లో తేనెపట్టులా గుల్లగుల్లగా ఉండే ఘేవర్ మిఠాయి తుంచి నా నోట్లో పెట్టేది, బొగ్గుల మీద మొక్కజొన్న కంకి కాల్చి ఉప్పూ నిమ్మకాయా రుద్ది చేతికిచ్చేది. కాలూ అని ఒక నల్లకుక్క ఉండేది. అది ఎవరిదీ కాదు, కానీ శనివారం మధ్యాహ్నానికల్లా బస్టాపులో మా కోసం కూర్చుని ఉండేది. ఇక మున్నీ, తాయీ పెంచుకునే గేదె దూడ. పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే తాయీ సీసాతో పాలు పట్టి బతికించింది. ‘యే మేరీ ఆఖరీ ఔలాద్ హై,’ నా కడగొట్టు బిడ్డ ఇదే, అని అందరికీ చెప్పుకునేది.

ఆ శనివారం పొద్దుటి నుంచీ ముసురు. నాన్న ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు, అమ్మ లోపల ఉల్లిపాయ పకోడీలు వేస్తోంది, నేను వాకిట్లో చూరు నీళ్ళకు అరచేతులు పట్టి కూర్చున్నాను. ఉన్నట్టుండి ఉరిమింది. ఆ వెంటనే వచ్చిన గాలికి మున్నీని కట్టేసిన పాక మీది రేకు ఒకటి ఊడి పెద్ద చప్పుడుతో నేలను కొట్టుకుంది. మున్నీ బెదిరి గుంజ పెరుక్కుని, మెడకున్న పలుపు ఈడ్చుకుంటూ జొన్నచేలోకి దూకింది. ఆ చేను దాటితే పెద్ద నాలా. ఆ వేళ అది ఒడ్డులొరుసుకుని పారుతోంది.

‘అరే, కోయీ పకడో!’ అని తాయీ మంచం మీంచి లేవబోయి, లేవలేక కేక పెట్టింది. పట్టుకోవడానికి అక్కడ ఎవరున్నారు? కాలూ అప్పటికే పరుగందుకుంది. దాని వెనకాల నేను.

వెనక నుంచి అమ్మ కేక వినిపించింది. ‘ఒసేయ్, పరిగెత్తమాకే! నీకు పడదే, ఆగవే!’

ఆగలేదు. తలెత్తు జొన్న ఆకులు మొహాన్ని కోస్తున్నాయి, ఒక చెప్పు బురదలో ఉండిపోయింది, రెండోదాన్ని నేనే విదిలించేశాను. కాళ్ళ కింద నేల మెత్తగా లోపలికి లాగుతోంది, నేను పైకి తీస్తున్నాను. ఎదర కాలూ తోక ఒక్కటే గుర్తు. గుండె దడదడ కొట్టుకుంటుంటే, ఇదిగో ఇప్పుడు పిల్లి కూస్తుంది, ఇప్పుడు కూస్తుంది అని భయపడుతూనే పరిగెత్తాను.

చేను దాటేసరికి మున్నీ నాలా గట్టు మీంచి జారి, వెనక కాళ్ళు నీళ్ళలో, ముందు కాళ్ళు బురదలో కూరుకుపోయి, గుడ్లు తేలేసి అరుస్తోంది. కాలూ దాని మొహమ్మీదికి మొరుగుతూ అటూ ఇటూ గెంతుతోంది. పలుపు కొస గట్టు మీద జరజరా జారిపోతుంటే బోర్లా పడి అందుకున్నాను. అంత దూడను ఆపే బలం నాకెక్కడిది? పక్కనే ఉన్న తుమ్మచెట్టు మొదలుకు పలుపును రెండు చుట్లు తిప్పి, కాళ్ళు రెండూ చెట్టుకు తన్నిపెట్టి పట్టుకున్నాను. అరచేతులు మండిపోయాయి.

ఇంతలో చేను చీల్చుకుని అమ్మ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, జుట్టు ఊడి, ఉత్తికాళ్ళతో. వార్డులో ఎంత హడావిడైనా అడుగు తొందరగా వెయ్యని మా అమ్మ అలా పరిగెత్తగా నేనెన్నడూ చూడలేదు. తిడుతుందనుకున్నాను. నన్నూ, తాడునూ, దూడనూ ఒక్క చూపు చూసి, సరాసరి నీళ్ళలోకి దిగింది.

‘వదలమాకు! గట్టిగా పట్టుకో, వదలమాకు!’

అమ్మ దూడ నడుం కింద భుజం పెట్టి తోసింది. తాడు సడలినప్పుడల్లా నేను చెట్టుకు మరో చుట్టు బిగించాను. నాలుగో తోపుకు మున్నీ గట్టెక్కి, నన్ను కిందికి నెట్టేసి నా పక్కనే కూలబడింది. కాలూ మా ముగ్గురినీ వరసబెట్టి నాకింది.

అమ్మ ఒగరుస్తూనే నన్ను వెనక్కి తిప్పి, తడి గౌను మీద వీపుకు చెవి ఆనించింది. ఒక పక్క విన్నది, రెండో పక్క విన్నది. ‘కూత లేదే,’ అంది మెల్లగా. మళ్ళీ విని, ‘ఒక్క కూతా లేదే, తల్లీ!’ అని నన్ను కావలించుకుని ఏడ్చింది, నవ్వింది. నేనూ గట్టిగా నవ్వాను. అయినా పిల్లి కూయలేదు.

ముగ్గురం బురదబొమ్మల్లా వాకిట్లోకి వచ్చేసరికి తాయీ మున్నీ మెడ పట్టుకుని ముద్దులు పెట్టి, అమ్మకేసి తిరిగి, ఇంటింటికీ వినపడేలా అరిచింది. ‘సిస్టర్! తేరీ ఛోరీ తో హిరణీ నికలీ!’ నీ కూతురు లేడిపిల్ల అయిందే అని. అంతలో వచ్చిన నాన్నకు ఆ కథ నాలుగుసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ నాలా ఇంకాస్త వెడల్పయింది. పకోడీలు మాడిపోయాయి, అయినా ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు ఆదివారం, ప్రార్థనకు ముందే అమ్మ నన్ను నిద్ర లేపింది. నా చేతిలో ఉబ్బసం మందు పీల్చే పంపు పెట్టి, ‘ఆ ఎదర బోరుబావి దాకా పోయి రా. ఆయాసం వస్తే ఆగు. రాకపోతే ఆగమాకు,’ అంది. కాలూ ముందు, నేను వెనక. తిరిగొచ్చేటప్పుడు నేనే ముందు. ఉబ్బసం నన్ను పూర్తిగా వదల్లేదు, ఇప్పటికీ చలికాలంలో పలకరిస్తుంది. కానీ ఆ ఏడాది స్కూలు పరుగుపందెంలో బాటిళ్ళ కాపలా ఇంకెవరికో అప్పగించి, రెండో బహుమతి తెచ్చుకున్నాను.

ఇప్పుడు మేముంటున్న ఫ్లాటు ఆ ఊరికి కూతవేటు దూరం. తాయీ పోయి చాలా ఏళ్ళయింది, ఆమె ఇంటి చోట కాలేజీ పిల్లల హాస్టల్ లేచింది. నాలా మీద సిమెంటు పలకలు కప్పి రోడ్డు వేశారు. నా కూతురు ఆరుద్ర పురుగును ఇంతవరకూ చూడలేదు. జొన్నచేను ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండేదో నాన్ననడిగితే ఒక వైపు చూపిస్తాడు, అమ్మనడిగితే ఇంకో వైపు. అందుకే ఇప్పుడు ఎవరినీ అడగను. వాన తగ్గిన ఆదివారాల్లో బూట్లు వేసుకుని, టవర్ల మధ్య నుంచి, పార్కింగు పక్క నుంచి, ఆ చేనుకు అడ్డంగా పరిగెడతాను.