ఫైళ్లు కుదించిన రోజు

ఆ రోజుల్లో ప్రపంచంలోని ప్రతి వస్తువూ ఉండవలసినదానికన్నా పెద్దదిగా ఉందని నా గట్టి నమ్మకం. డిప్లొమా ముగించి, మంగళవాడ పక్కన సోలార్ పార్కులో ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్ పనికి చేరిన కొత్త అది. సైటులోని రేకుల గదిలోనూ, పావగడ ఆఫీసులోనూ ఉన్న కంప్యూటర్లలో ఉచితంగా దొరికే లినక్స్ వేసింది నేనే. ఫైళ్లను కుదించే సాధనాలు అందులో బోలెడు. ఒకదాన్ని నాకు నచ్చినట్టు మార్చి సొంత ప్యాకేజీ కట్టాను. దానికి మూడు గుణాలు: ఒకటి, వీలైనంత గట్టిగా కుదిస్తుంది, రెండు, కుదించాక అసలు ఫైలును చెరిపేస్తుంది, మూడు, ఈ రెండింటినీ ఎవరూ మార్చలేరు. (మూడోదాన్ని భద్రత అనుకున్నాను.)

పానెళ్లు కడిగేది ఊరి ఆడవాళ్ల గుంపు. వాళ్ల మేస్త్రిని అందరం అక్క అనేవాళ్లం. పానెల్ మెరిస్తే చాలదు, కడుగుతున్నట్టు ఫోటో ఉండాలి. (మెరుపును పావగడ ఆఫీసు మేనేజరు నమ్మడు.) నెలాఖరున ఐదు గంటల్లోపు ఫోటోలు పావగడ చేరకపోతే వచ్చే నెల పని వేరే గుంపుకు పోతుంది. మా గదికి ఇంటర్నెట్ లేదు; ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్‌ను అక్కే బస్సులో తీసుకెళ్లేది. అందులో కావలసినంత చోటుంది. అయినా కుదించకుండా పంపడం నా చదువుకు తగదని ఫోటోలన్నీ కుదించాను. అక్కడ విప్పడానికి నా సాధనం కావాలి కనుక, ముందుచూపుతో దాని కాపీ కూడా పెట్టాను. పెట్టేముందు, అలవాటు కొద్దీ, ఆ కాపీని కూడా దాంతోనే కుదించాను.

ఆ నెలాఖరున మధ్యాహ్నం మూడింటికి అక్క పావగడ నుంచి ఫోన్ చేసింది. "ఏమప్పా, తెరుచుకోలేదంటాడే మేనేజరు."

"విప్పేది గూడా పెట్టినాను కదక్కా."

"అది యాడుండాది?"

"అది గూడా... అట్లే కుదించి ఉండాదక్కా."

"అంటే బీగంచెవి బీరువాలో పెట్టి బీగం ఏసినావు. దీనికి మూడేండ్లు చదివితివా?"

వెనక మేనేజరు గొంతు: "ఫోటో లేకుంటే పని చేయనట్టేనమ్మా."

"నా చేతులు చూడు సార్, నెలంతా నీళ్లల్లో నానినాయి."

"చేతులు ఫైల్లో పెట్టేకి కాదమ్మా."

అసలు ఫోటోలు రెండో గుణం పుణ్యమా అని చెరిగిపోయాయి. వాటిని విప్పగల యంత్రం ప్రపంచంలో ఒక్కటే, అది నా బల్ల మీద ఉంది. దాన్ని తువ్వాలలో చుట్టి, బైకు వెనక సీటుకు తాడుతో కట్టి బయలుదేరాను. దారిలో గొర్రెలు తోలుకొస్తున్న ఒకాయన "టీవీ రిపేరీకా?" అన్నాడు. ఫైళ్లను చిన్నవి చేశానని చెప్పే ధైర్యం లేక అవునన్నాను.

ఐదుకు పది నిమిషాలుండగా మేనేజరు తెరకు తగిలించి విప్పాను. కుదించిన సైజుకూ విప్పిన సైజుకూ తేడా దాదాపు లేదు. (ఫోటోలు కెమెరాలోనే కుదించుకుపోయి వస్తాయి. ఆ పాఠం మాకుంది, నేనే చదవలేదు.) మేనేజరు మొదటి ఫోటో చూశాడు, రెండోది చూశాడు, సీలు వేశాడు.

"రెండు చూసేదానికా సార్ ఇదంతా?" అంది అక్క.

"రూలమ్మా."

తిరుగుదారిలో కంప్యూటర్ను ఒళ్లో పెట్టుకుని నా వెనక కూర్చుంది. "వచ్చే నెల ఉండేదాన్ని ఉండేట్టే పంపు తమ్ముడా," అంది.

ఇప్పుడు నేను కట్టే ప్యాకేజీలను ముక్కూ మొహం తెలియనివాళ్లు వాడుతున్నారు. ప్రతిదాన్నీ ముందుగా వేరే కంప్యూటర్లో విప్పి చూస్తాను. అది విప్పుకుంటున్నంతసేపూ పానెళ్ల మధ్య రోడ్డు మీద ఆ కుర్రవాడు కనిపిస్తాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి తాడు చూసుకుంటూ, చాలా తెలివైన మొహంతో పోతుంటాడు.