మామ తూటాలకు నా కొలత

ఎన్నికలు వస్తున్నాయంటే మా ఇంటికి ముందుగా కబురు వచ్చేది పోలీస్ స్టేషన్ నుంచే. లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని తెచ్చి అప్పజెప్పాలని ఫోన్ చేస్తారు. మా మామ పోయి పదకొండేళ్లయింది, ఆయన తుపాకి అంతకన్నా చాలా ముందే పోయింది, అయినా వాళ్ల రిజిస్టరులో ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. నిన్న పొద్దున కొత్త కానిస్టేబుల్ ఎవరో చేశాడు. "తుపాకి యాడుండాదమ్మా?" అన్నాడు. "లేదప్పా, శానా ఏండ్ల కిందటే పేలిపోయింది" అన్నాను. ఎట్లా పేలిందని అడిగాడు. నోటికి అలవాటైన జవాబే చెప్పాను. "పెద్దాయనకు కండ్లు సరిగా కనపడక తూటాల్లో మందు ఎక్కువ పోసుకున్యాడు." అతను రాసుకుని ఫోన్ పెట్టేశాడు. పొయ్యి మీద ఉప్మా మాడిన వాసన వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఎందుకంటే ఆ జవాబు అబద్ధం.

ఆయన నాకు రెండు విధాలా మామే. మా అమ్మకు అన్న. ఆయన కొడుకునే చేసుకుని, నందికొట్కూరు పక్కనున్న మా ఊరి నుంచి ఆ ఇంటికి కోడలినై వెళ్లాను. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చేతికి పెద్ద పేరు. పెళ్లిళ్లలో వంటవాళ్లు గంగాళం ముందు నిలబడి, పులిహోరకు ఉప్పు వేయడానికి ఆయన కోసం మనిషిని పంపేవాళ్లు. ఆయన వచ్చి, పిడికిలి తెరిచి ఉప్పు వేసి, రుచి కూడా చూడకుండా వెళ్లిపోయేవాడు. ఆ తుపాకి వాళ్ల నాన్నది, జింకల వేటకు కొన్నది. మా కాలానికి వేట నేరమైంది, జింకలకు ఆ సంగతి తెలిసినట్టు మా శనగచేలో తీరిగ్గా మేసి పోయేవి. వాటి జోలికి పోకుండా, వేరుశనగ తవ్వే అడవిపందులను బెదరగొట్టడానికి మామ ఆకాశంలోకి కాల్చేవాడు. అంత పాత తుపాకికి సరిపడే తూటాలు కర్నూలు అంగళ్లలో కూడా దొరికేవి కావు. అందుకని కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను ఏరుకొచ్చి, చింతపండు పులుసుతో తోమి, మళ్లీ తనే తుపాకిమందూ గుండ్లూ నింపుకునేవాడు. తూటాలు నింపే రోజు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, వసారాలోకి ఎవరూ రాకూడదు, తుమ్ము వస్తే పెరట్లోకి పోయి తుమ్మాలి. "ఈయన తూటాలకు మేం ఉపవాసం ఉండాల" అని మా అత్త గొణిగేది. తెల్లటి తువ్వాలు పరిచి, తనే అరగదీసి చేసుకున్న వెడల్పు నోటి ఇత్తడి గరిటె, ఒక పేకముక్క పెట్టుకుని కూర్చునేవాడు. ఆ పేకముక్క ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

ఇక్కడ మా పుట్టింటి కొలత గురించి చెప్పాలి. గింజలు కొలిచేటప్పుడు మొదటి సేరును మా అమ్మ ఒకటి అనేది కాదు, లాభం అనేది. సేరు మీద గింజలు కుప్పగా తేలి, నాలుగు జారిపడితేనే అది కొలత. అంచుకు సమంగా గీసి కొలవడం అంగడివాళ్ల పని, ఇంట్లో అట్లా గీస్తే లక్ష్మి అలిగిపోతుందని నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి సరదాకు గీసినందుకు చేతిమీద దెబ్బ తిన్నాను. ఆ దెబ్బ మంచి బుద్ధే నేర్పిందని చాలాకాలం అనుకున్నాను.

ఒక ఏడాది పందులు మరీ ఎక్కువయ్యాయి. ఒక ఆదివారం పొద్దున మామ నన్ను వసారాలోకి పిలిచాడు. "పాపా, నా కండ్లకు పొగ పట్టినట్లుండాది. ఎవురికీ చెప్పాకు. గరిటె నింపి గుల్లల్లో మందు నువ్వు పొయ్, తక్కింది నేను చూసుకుంటా" అన్నాడు. కొడుకును పిలవకుండా నన్ను పిలిచాడని ఎంత మురిసిపోయానో. మనసులో లాభం అనుకుంటూ మొదటి గుల్లలో పోశాను. ఐదింటికీ గరిటె మీద కుప్ప తేలేట్టుగా, మా అమ్మ మెచ్చుకునేలా పోశాను. ఆయన చేతులతో తడుముకుంటూ గుండ్లు బిగించాడు. గరిటె గీయాలని ఆయన చెప్పలేదు. గీయకుండా మందు పోసే మనిషి ఉంటుందని ఆయన ఊహకే వచ్చి ఉండదు.

మూడో రోజు తెల్లవారుతుండగా చేనువైపు చప్పుడైంది. మామూలు చప్పుడు కాదు. తుపాకి చేతిలోనే పేలిపోయింది, మామను ట్రాక్టరులో పడుకోబెట్టి తెచ్చారు. కుడికన్ను పోయింది, ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. కర్నూలు ఆసుపత్రిలో అందరూ కాఫీకి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"పాపా, పేకముక్కతో గరిటె గీసినావా?"

"గీసేదేంది మామా? ఇంట్లో గింజలు కొలిచినట్లు కుప్పగా పోసినా" అన్నాను.

"నాదే తప్పు, చెప్పల్యా. ఈ మాట ఇంగ ఎవురికీ చెప్పాకు. నేనే పోసుకున్యా" అన్నాడు. సాయంత్రం పోలీసులు వస్తే అదే రాయించాడు. నేను మంచం పక్కనే నిలబడి విన్నాను. ఆయన మాటకు కట్టుబడి ఊరుకున్నానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత ఉప్పు వేయడానికి ఆయన్ను ఎవరూ పిలవలేదు. "పెద్దాయన చెయ్యి జారేకాలం వచ్చిందప్పా" అని రచ్చకట్ట మీద నవ్వుకునేవాళ్లు. మా అత్త అయితే చివరిరోజు దాకా "కండ్లు కనపడకపోయినా చెప్పని మొండోడు" అని తిడుతూనే పోయింది. ఆమె తిడుతున్నప్పుడు నేను నోరు తెరవబోతే, ఆయన మిగిలిన ఒంటికన్నుతో నావైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. నేను నోరు మూసుకునేదాన్ని. కన్నూ వేళ్లూ పోయినందుకు ఆయన ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. పెళ్లి మేళం వినబడితే మాత్రం లేచి లోపలికి వెళ్లి పడుకునేవాడు.

మామ పోయాక మా ఆయనకు చెబుదామనుకున్నాను. పంట అయ్యాక, వానలు తగ్గాక అనుకుంటుండగానే ఆయనా పోయాడు. పోయిన నెల నా కొడుకును కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "పోనీలేమ్మా, ఇప్పుడు ఎవరికి గుర్తుండాది అదంతా" అన్నాడు, నన్ను ఓదార్చాలనే. రచ్చకట్ట మీద నవ్వినవాళ్లలో ఒక్కరూ లేరు, ఆ చేతి ఉప్పు కోసం మనిషిని పంపిన వంటవాళ్లూ లేరు. ఎప్పుడో ఒకప్పుడు చెప్పి ఆయన పేరు ఆయనకిచ్చేద్దామనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను, ఆ పేరు తెలిసినవాళ్లందరినీ కాలం నాకన్నా ముందే తీసుకుపోయింది.