అనసూయక్క స్టూలు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. "అక్కే ఉంది సార్." ఆ మూడు మాటలతో ఒకావిడ ఉద్యోగం పోయింది. ఆ ఉద్యోగం నాకొచ్చింది. ఇంత చిన్న మాటకు ఇంత బరువెలా వచ్చిందా అని బస్సులో వెళ్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆలోచిస్తూనే ఉంటాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు నేను చెప్పను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం లేక, తెలియని మీకు చెబుతున్నాను. ఇది కూడా పిరికితనమేనా? అయ్యుండొచ్చు. అయినా వినండి.

అప్పుడు నేను మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీ గార్డుని. హైటెక్ సిటీ దారిలో ఒక స్టేషన్, ఏదో చెప్పను. మమ్మల్ని పనిలో పెట్టుకున్నది ఒక కాంట్రాక్టు ఏజెన్సీ. నాది గోదావరి జిల్లా. బోరబండలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఇంత పెద్ద నగరంలో నా మనుషులు అనదగ్గవాళ్లు ఇద్దరే. ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారు, మిగతా ఆరు రోజులూ అనసూయక్క.

మా పని ఎలా ఉంటుందంటే, ఆడవాళ్ల కోసం ఒక పక్కగా తెర కట్టి ఉంటుంది. దాని వెనక నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ చేతిలోని మెటల్ డిటెక్టర్‌తో చూసి పంపాలి. చేతులు చాపండి, వెనక్కి తిరగండి, వెళ్లండి. ఎనిమిది గంటలూ అంతే. అక్కడ కుర్చీ ఉండదు. కూర్చునే వీలున్నది ఒక్కచోటే, బ్యాగులు వెళ్లే మెషీన్ దగ్గర స్క్రీన్ ముందు వేసిన స్టూలు. దాని మీద కూర్చోవాలంటే శిక్షణకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మా షిఫ్టు ఆడవాళ్లలో అది అనసూయక్కకే ఉండేది.

అక్కది సంగారెడ్డి వైపు. నలభై దాటాయి. గలగలా మాట్లాడే మనిషి. ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. అదంతా అక్క ఉద్యోగం మీద వచ్చిన ఈఎస్ఐ కార్డుతోనే జరిగేది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తర్వాత తెలిసిందని చెప్పుకుని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు.

గార్డులందరిలో ఒక అలవాటు ఉండేది. తెర వెనక నిలబడ్డవాళ్లకు నడుం పట్టేస్తే, స్టూలు మీదున్నవాళ్లు లేచి ఓ పది నిమిషాలు వాళ్లను కూర్చోనిచ్చేవాళ్లు. రూల్ ప్రకారం పెద్ద తప్పు. అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్లు. రిజిస్టరులో మాత్రం సర్టిఫికెట్ ఉన్నవాళ్ల సంతకమే ఉంటుంది. స్క్రీన్ చూడటం నాకు అక్కే నేర్పింది. అన్నం, బట్టలు, పుస్తకాలు నారింజ రంగులో కనబడతాయి, ఇనుము నీలంగా కనబడుతుంది. నీలం కనబడితే బెల్టు ఆపాలి అనేది.

ఆ రోజు నాకు నెలసరి మొదటి రోజు. ఉదయం తొమ్మిదిన్నర, ఆఫీసులకు పరుగెత్తే జనం. క్యూ మెట్ల దాకా ఉంది. కాళ్లు లాగేస్తున్నాయి. నేను అడగలేదు. అక్కే నా ముఖం చూసి లేచి వచ్చింది. "జరసేపు కూసో పిల్లా, గట్ల ఎంతసేపు నిలవడ్తవ్" అని నా చేతిలోని డిటెక్టర్ తీసుకుని తెర వెనక్కి వెళ్లిపోయింది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

కూర్చున్న కాసేపటికే ఒక మేస్త్రీ సంచిలో తాపీ కనిపించింది. పనిముట్లు తేకూడదని చెప్పి వెనక్కి పంపాను. ఆయన మారు మాట్లాడలేదు, సంచి భుజానికేసుకుని దిగిపోయాడు. పట్టుకున్నానని నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆ తర్వాత ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ ట్యాగు, ల్యాప్‌టాప్ బ్యాగు. స్క్రీన్ మీద ఛార్జరు పక్కన సన్నగా ఒక నీలం గీత.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. నేను దాన్ని చూడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను, నొప్పికి కళ్లు తిరిగాయనీ, జనం తోసుకొస్తుంటే బెల్టు వేగంగా కదిలిందనీ, ఎవరున్నా అలాగే జరిగేదనీ రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. అదంతా ఉత్తదే. చూశాను. బెల్టు ఆపడానికి చెయ్యి కూడా లేపాను. ఆపితే ఆయన ఇంగ్లిషులో కసురుకుంటాడు, వెనకున్నవాళ్లు గొణుగుతారు అనుకున్నాను. అంతకన్నా ముందు, ట్యాగు వేసుకున్న మనిషి కత్తెందుకు తెస్తాడు అనుకున్నాను. మేస్త్రీ విషయంలో నాకు అలా ఎందుకు అనిపించలేదు? జవాబు నాకు తెలుసు. రాయడానికి సిగ్గేస్తోంది.

వదిలేశాను. ఆయన బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకాసేపటికి అక్క వచ్చి తన చోట కూర్చుంది, నేను తెర వెనక్కి వెళ్లాను.

ఆయన ప్రయాణికుడు కాదు. మేము సరిగ్గా చూస్తున్నామో లేదో తెలుసుకోవడానికి పైవాళ్లు అప్పుడప్పుడు ఇలా బ్యాగులో ఏదో ఒకటి దాచి మామూలు మనిషిలా పంపిస్తారు. పట్టుకుంటే శభాష్ అంటారు. వదిలేస్తే ఇంటికి పంపుతారు. పది నిమిషాల్లో ఆయన మా సూపర్‌వైజర్ సారును వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. సారు ఆ కత్తిని బల్ల మీద పెట్టాడు. కూరగాయలు తరిగే మామూలు కత్తి.

"ఈ బ్యాగు పోయినప్పుడు స్క్రీన్ ముందల ఎవరున్నరు?" అన్నాడు సారు.

"యూనిఫాంలో ఒక లేడీ సార్. మాస్కు ఉండె" అన్నాడు వచ్చినాయన. కరోనా మాస్కులు ఇంకా తీయని రోజులవి. మాస్కు లేకపోయినా ఆయనకు గుర్తుండేది కాదేమో. మా ముఖాలు ఎవరు చూస్తారు?

సారు నా వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నవ్ గదమ్మా. చెప్పు, ఎవరున్నరు?"

"అక్కే ఉంది సార్."

అక్క నా వైపు చూసింది. తిడుతున్నట్టు చూసి ఉంటే బాగుండేది. అలా చూడలేదు. నేను ఎవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది. తర్వాత సారుతో అంది, "అవు సార్. నేనే ఉన్న. నాదే గల్తీ."

ఎందుకలా అంది? సర్టిఫికెట్ లేనిదాన్ని కూర్చోబెట్టానని చెబితే అది ఇంకా పెద్ద తప్పవుతుంది, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. కనీసం ఒకరిదైనా మిగలనీ అనుకుందా? లేక నేను అంత మాట అన్నాక ఇక వాదించి లాభం లేదనుకుందా? నన్ను కాపాడాలనే అందని నమ్మితే నా మీద నాకే అసహ్యమేస్తుంది. కాదని నమ్మితే కాస్త తేలిగ్గా ఉంటుంది. నాకు ఏ రోజు ఏది కావాలో ఆ రోజు అది నమ్ముతూ వచ్చాను.

ఆ మధ్యాహ్నమే అక్కను పంపించేశారు. పైన కెమెరా ఉంది. ఎవరైనా ఒక్కసారి చూస్తే చాలు, నేను దొరికిపోతాను. మూడు వారాలు తిండి సహించలేదు. ఎవరూ చూడలేదు. ఒక గార్డు పోతే ఇంకో గార్డు వస్తుంది, దానికోసం వీడియోలు తిరగేసేదెవరు? రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది. ఫోన్ చేతిలో పట్టుకుని మోగినంతసేపూ చూస్తూ కూర్చున్నాను. మళ్లీ చేయలేదు.

ఖాళీ అయిన చోటుకు నన్నే శిక్షణకు పంపారు. సర్టిఫికెట్ వచ్చింది. స్టూలు వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది, అబద్ధమాడటం కన్నా నన్ను ఎక్కువగా తినేస్తున్న సంగతి.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం. ఆ ఆదివారం నేను లేచాను. ఎవరూ లేపలేదు, నేనే లేచాను. రోజంతా నిలబడి నడుం విరిగిపోయే ఈ దీనురాలికి ప్రభువు కూర్చుని చేసుకునే పని ఇచ్చాడని, ఆయన కృపే తప్ప నా యోగ్యత ఏమీ లేదని చెప్పాను. ఆ చివరి మాటొక్కటే నిజం. సంఘమంతా స్తోత్రం అన్నారు. పాస్టరమ్మగారు వచ్చి కావలించుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. దొంగసొత్తు తీసుకెళ్లి దేవుడిచ్చాడని చూపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? అప్పటి నుంచి వెనక చెప్పులు విడిచేచోట కూర్చుంటున్నాను. ఆఖరి ప్రార్థన మొదలవగానే బయటికొచ్చేస్తాను, ఎవరైనా పలకరిస్తారేమోనని.

ఇంకొకటి ఉంది. దీంతో అయిపోతుంది.

ఏడాదిన్నర తర్వాత ఒక ఉదయం స్క్రీన్ మీద ఒక సంచి కనిపించింది. టిఫిన్ బాక్సు, గొడుగు, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. నీలంగా, స్పష్టంగా. తలెత్తి చూస్తే అనసూయక్క. చిక్కిపోయింది. నుదుట బొట్టు ఉంది. అది చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే, ఈ రోజుల్లో భర్త పోయినా బొట్టు పెట్టుకుంటున్నారు కదా అనిపించింది. సంచిలో మందులేమైనా ఉన్నాయా అని స్క్రీన్ మీద వెతికాను. ఆయన ఉన్నాడో లేడో సంచిలో చూసి తెలుసుకోవాలనుకున్నాను. నోటితో అడగొచ్చు కదా? అడగలేదు.

"మాదాపూర్‌ల కుట్టు పనికి పోతున్న. కత్తెర సాన పట్టియ్యనీకి తీసుకపోయి తెస్తున్న. లేటైతే ఓనరమ్మ ఊకోదు" అంది అక్క మెల్లగా. "నువ్వున్నవని చూసే ఈ లైన్ల నిలవడ్డ. ఇయ్యాల ఒక్కరోజు పోనియ్యి."

నేనప్పుడు ఏమనుకున్నానో చెప్పనా? అక్కను పరీక్షకు పంపారేమో అనుకున్నాను. ఉద్యోగంలోంచి తీసేసిన మనిషిని ఎవరు పంపుతారు? అయినా అనుకున్నాను. మనం చేసిందే ఎదుటివాళ్లు కూడా చేస్తారనిపిస్తుంది కాబోలు.

"కుదరదక్కా. రూల్ ఒప్పుకోదు" అన్నాను.

అక్కకు కోపం రాలేదు. సంచి తీసుకుంది. "మంచిగనే నేర్చుకున్నవ్" అంది. దెప్పిందో, మెచ్చుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మెట్లు దిగి బస్టాపు వైపు వెళ్లిపోయింది. ఈ నాలుగేళ్లలో నేను రూల్ ప్రకారం నూటికి నూరుపాళ్లు సరిగ్గా చేసిన పని అదొక్కటేనేమో.

ఆ నెలలోనే అక్కడ మానేశాను. ఇప్పుడు కోకాపేటలో ఒక ఆఫీసు టవరు కింద బ్యాగులు చూస్తున్నాను. తోటి ఆడవాళ్లు మంచివాళ్లే. నడుం నొప్పంటే లేచి చోటిస్తారు. నేను తీసుకోను. పొగరనుకుంటున్నారు. అనుకోనీ. అక్క నంబరు ఇంకా ఫోన్‌లో ఉంది. చేసి ఏమని చెప్పాలి? క్షమించమంటే ఆవిడ క్షమించేస్తుందేమోనని భయం. ఆవిడ భర్త ఎలా ఉన్నాడని అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అంతకన్నా భయం. మీరు కూడా నన్ను క్షమించొద్దు. ఆ పని మీది కాదు.

ఆ ఉదయం స్టూలు మీద కూర్చున్నది అనసూయక్క కాదు. నేను. గీత చూసింది నేను, వదిలేసింది నేను, అబద్ధం చెప్పింది నేను. ఇది రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. గదిలో ఎవరూ లేరు. అయినా నా గొంతు నాకు వినిపించింది.